కబురొస్తే వెళ్తాం

మార్చి 3, కాట్రేనికోన

ఈ నోటుబుక్కు ఆఫీసుది కాదు. నేను కొనుక్కున్నది. ఇందులో రాసినదానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. ఆఫీసు పుస్తకంలో "క్షేత్ర పరిశీలన" అని రాసి కింద గీత గీయాలి. ఇందులో గీత గీయను.

గది మేడ మీద. కిటికీ తీస్తే ఉప్పుగాలి, మూస్తే ఉక్క. కింద ఇంటావిడ వీరాయమ్మగారు, యాభై దాటిన మనిషి. మూతపడిన షెడ్డులో పన్నెండేళ్ళు రొయ్యలు ఒలిచింది. అంటే నా లిస్టులోని నూట నలభై మందిలో ఆవిడా ఒకరు. ఆవిడింట్లో అద్దెకుండి ఆవిడనే సర్వే చేయడం పద్ధతి కాదని నాకూ తెలుసు. ఇంకో గది దొరికితే కదా.

షెడ్డు మూసి ఆరు నెలలు. ఆ నూట నలభై మంది ఆడవాళ్ళలో ఎంతమంది నిరుద్యోగులు, ఎంతమంది పని మానుకుని ఇంటిపట్టున ఉన్నారు, ఇది తేల్చమని హైదరాబాదు నుంచి పంపారు. ఈ రెండూ ఒకటి కావు. పని లేక పని కోసం వెతికేవాళ్ళు నిరుద్యోగులు. వెతకనివాళ్ళు నిరుద్యోగులు కారు, వాళ్ళు అసలు లెక్కలోకే రారు. పదకొండేళ్ళుగా సెమినార్లలో నేను చెబుతున్న మాట ఇదే. తేడా తేల్చేది ప్రశ్న 7. "గత నాలుగు వారాల్లో పని కోసం ఎవరినైనా అడిగారా?" దీన్ని తెలుగులో రాసింది నేనే. మా డైరెక్టరు జనార్దన్‌గారు నలుగురిలో మెచ్చుకున్నారు కూడా. పుట్టింది అమలాపురంలో, ఈ భాష నాకు ఒకరు నేర్పాలా?

మార్చి 5

వీరాయమ్మగారు పొద్దున్నే అయిదున్నరకల్లా అరుగు మీద ఖాళీగా కూర్చుంటారు. తల దువ్వి, కొప్పు బిగించి, పక్కన క్యారేజీ పెట్టుకుని. ఏడు దాకా అంతే. తర్వాత లేచి లోపలికి పోతారు. ఎక్కడికో వెళ్ళేలా తయారై ఎక్కడికీ వెళ్ళని మనిషిని ఇప్పుడే చూస్తున్నాను. ఎవరి పిచ్చి వారికానందం.

మార్చి 6

ఫోనులో చెల్లెలు మళ్ళీ అదే గొడవ. నా కాంట్రాక్టు 31తో అయిపోతుంది కదా, వేరే చోట అప్లై చేశావా అని. నేనెందుకు చేయాలి? ప్రతి ఏడూ పొడిగించారు, ఈ ఏడూ పొడిగిస్తారు. పదకొండేళ్ళు చేసినదాన్ని వెళ్ళి గుమ్మాలెక్కనా? అవసరమైతే వాళ్ళే పిలుస్తారు.

మార్చి 11

నూట నలభై మందీ అయిపోయారు. తొమ్మిది రోజుల్లో. నా అంత తొందరగా ఫీల్డు ముగించేవాళ్ళు మా ఇన్‌స్టిట్యూటులో ఇంకొకరు లేరు, ఇది గొప్పకి చెప్పడం కాదు.

వీరాయమ్మగారిని చివర అడిగాను. పని కోసం ఎవరినైనా అడిగారా అంటే లేదండి అన్నారు. ఎందుకు అడగలేదంటే, ఏదో తెలివితక్కువ మాట విన్నట్టు నా మొహం చూశారు.

"ఎలా అడుగుతామండి? కబురొస్తే వెళ్తాం."

ఈ మాట ఇవాళ కొత్తగా విన్నది కాదు. దాదాపు అందరూ ఇదే అన్నారు. ఫారంలో "అవును", "లేదు" అని రెండే గళ్ళు. కబురుకి గడి లేదు. "లేదు" మీద టిక్కు పెట్టాను.

అవును తొమ్మిది. లేదు నూట ముప్పై ఒకటి.

మార్చి 12

ఈ అంకెల టేబులు పంపిన గంటలో జనార్దన్‌గారి ఫోను. ఇంత స్పష్టమైన రిజల్టు ఈ మధ్య చూడలేదట. ఆడవాళ్ళు తమంతట తామే పని మానుకున్నారని తేలిపోయిందట. సంతోషంతో గొంతు కూడా మారిపోయింది.

అప్పుడు చెప్పారు అసలు సంగతి, నాకు ముందే చెప్పవలసింది. షెడ్డు పక్కనే కొత్త ప్లాంటు వస్తోంది. పాత షెడ్డు ఆడవాళ్ళు పని కోసం చూస్తున్నట్టు తేలితే ప్లాంటులో మొదటి పిలుపు వాళ్ళకే. చూడటం లేదని తేలితే కాంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి మనుషుల్ని బస్సుల్లో దింపుకోవచ్చు. 28న అమలాపురంలో జిల్లా కమిటీ కూర్చుంటుంది. వాళ్ళ ముందు పెట్టేది మన టేబులే.

మన టేబులే అన్నారు. నా పేరు మొదట ఉంటుందట. కాంట్రాక్టు సంగతి 28 తర్వాత చూద్దామన్నారు.

మార్చి 13

నూట ముప్పై ఒకటి.

మార్చి 14

ప్రశ్నలో తప్పు లేదు.

మార్చి 15

ప్రశ్నలో తప్పు లేదు గానీ, ఆ తొమ్మిది మంది ఎవరో చూద్దామని వెళ్ళాను. ఊరికే. ఫీల్డు ముగించాక తోచక.

శ్రీవాణి అని, పాతికేళ్ళుండవు. వాకిట్లో కొబ్బరాకులు చీరి ఈనెలు తీస్తోంది. నువ్వొక్కదానివే ఎందుకడిగావు, మిగతావాళ్ళు ఎందుకడగలేదు అన్నాను. అది నవ్వింది. నూకరాజు మేస్త్రీ తన పేరు కొట్టేశాకే అడిగిందట. షెడ్డుకి మనుషుల్ని కుదిర్చేది ఈ నూకరాజే. అతని పుస్తకంలో పేరుంటే కబురు వస్తుంది, వ్యాను వస్తుంది. అలా పేరు ఉన్నవాళ్ళు ఇంకో షెడ్డుకి వెళ్ళి పని ఉందా అని అడిగారని తెలిస్తే ఆ సాయంత్రానికి పేరు ఉండదు. అంతర్వేది అవతల అడిగినా తెలిసిపోతుందట.

"పేరున్నోళ్ళు అడగరండి. పేరు పోయినోళ్ళం అడుగుతాం. పోయేదేముందండి మాకు?"

మిగతా ఎనిమిది మంది దగ్గరికీ వెళ్ళాను. ఎనిమిది మందికీ అదే కథ.

అంటే ప్రశ్న 7తో నేను పట్టుకున్నది పని కోరుకునేవాళ్ళని కాదు. మేస్త్రీతో చెడినవాళ్ళని.

మార్చి 16

అయిదుంపావుకి కిందకి దిగాను. వీరాయమ్మగారు అరుగు తుడుస్తున్నారు. నన్ను చూసి జరిగి చోటిచ్చారు, ఎందుకొచ్చానని అడగలేదు.

క్యారేజీ మూత తీసి చూపించమన్నాను. సిగ్గు విడిచి అడిగాను. ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో గోంగూర. వేడిగా ఉంది. సంచిలో ఉతికి మడతపెట్టిన టోపీ, గ్లౌజులు. ఫోను చేతిలోనే ఉంది, నిండా చార్జింగుతో. ఇలా ఎన్నాళ్ళ నుంచి అంటే మూసిన మర్నాటి నుంచీ అన్నారు. రోజూనా అంటే ఆదివారం కూడానండి, షెడ్డుకి ఆదివారం ఏముంటుంది అన్నారు.

రెండేళ్ళ కిందట కూడా ఇలాగే మూశారట. మూడు నెలలకి ఒక పొద్దున్న, ముందు మాటా పలుకూ లేకుండా వ్యాను వచ్చి వీధి చివర నిలబడింది. తయారుగా ఉన్నవాళ్ళు ఎక్కారు. పొయ్యి దగ్గరున్నవాళ్ళు, తలంటుకుంటున్నవాళ్ళు ఉండిపోయారు. వాళ్ళ చోట్లలోకి వేరేవాళ్ళు వచ్చారు, అంతే. ఆ సంవత్సరం వీరాయమ్మగారు ఎక్కారు. వాళ్ళ తోడికోడలు ఎక్కలేదు.

మరి వెళ్ళి మేస్త్రీనే అడగొచ్చు కదా అన్నాను. అడిగితే చులకన అన్నారు. పైగా షెడ్డులో చోట్లు ఇన్నే ఉంటాయి, మనం అడిగామంటే ఎవరినో తీసి మనకిమ్మని అడిగినట్టే కదా, ఒకరి నోటికాడ కూడు లాక్కోవడం మా ఇళ్ళల్లో లేదు అన్నారు. కోపంగా కాదు, పిల్లకి చెప్పినట్టు చెప్పారు.

ఏడయింది. లేచి, ఆ అన్నం లోపలికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం అదే తిన్నారు.

పదకొండు రోజులు నేను ఈ మనిషిని మేడ మీద నుంచి చూశాను. ఈ పుస్తకంలోనే రాశాను చూడు, మార్చి 5న. "ఖాళీగా" అట. నూట ఎనభై రోజులు పొద్దున్నే పనికి తయారై కూర్చున్న మనిషికి పని అక్కర్లేదని టిక్కు పెట్టిన చెయ్యి ఇదే. చదువుకున్న మొద్దుని. అమలాపురంలో పుట్టాను, నాకొకరు నేర్పాలా అని కూడా రాశాను. ఆ పేజీ చింపను. ఉండనీ.

మార్చి 17

ప్రశ్నలో తప్పు ఉంది. నాది.

మార్చి 22

నూట ముప్పై ఒక్కరి దగ్గరికీ మళ్ళీ వెళ్తున్నాను. రోజుకి ఇరవై పైచిలుకు ఇళ్ళు. కాళ్ళు పొంగాయి. కొత్త ప్రశ్న ఇది: "రేపు పొద్దున్న కబురొస్తే, వ్యాను వచ్చేసరికి తయారుగా ఉంటారా? ఇవాళ ఎన్నింటికి తయారయ్యారు?"

ఒకామె లోపలికెళ్ళి టోపీ తెచ్చి చూపించింది. ఇంకొకామె, "ఇదా అండి అడగడం, మొదటే ఇలా అడగలేకపోయేరా" అంది. అనిపించుకున్నాను, తప్పదు.

మార్చి 23

అయింది. నూట ఇరవై నాలుగు మంది రోజూ ఆరులోపు తయారుగా ఉంటున్నారు. ఏడుగురు నిజంగానే ఇక వద్దన్నారు, వాళ్ళనీ ఉన్నదున్నట్టు రాశాను. రెండు టేబుళ్ళూ పక్కపక్కన పెట్టి, కింద పేజీన్నర వివరణ రాసి, నా సంతకంతో పంపాను. మొదటి ప్రశ్న తప్పని, ఆ తప్పు నాదేనని అందులో ఉంది. నా థీసిస్ కూడా ఆ ప్రశ్న మీదే నిలబడిందని ఎవరైనా అడిగితే, అవును, నిలబడింది. పడితే పడనీ.

మార్చి 24

జనార్దన్‌గారి ఫోను. మొదట మర్యాదగానే మాట్లాడారు. మధ్యలో ప్రశ్న మారిస్తే దేశంలో మిగతా సర్వేలతో పోల్చడానికి ఉండదన్నారు. అది నిజమే, నేనూ క్లాసులో అదే చెబుతాను. తయారై కూర్చోవడం వెతకడం కాదన్నారు. ఇక్కడ వెతకడమంటే అదేనండి, అడగడమంటే పేరు పోగొట్టుకోవడం అన్నాను. మీరు సెంటిమెంటులో పడ్డారన్నారు. అప్పటిదాకా నేను మర్యాదగానే ఉన్నాను.

"మీకు జీతమిచ్చేది మేం. వాళ్ళు కాదు, సత్యదుర్గగారూ."

"జీతం ప్రశ్న అడగడానికి ఇచ్చారు సార్. జవాబు మార్చడానికి కాదు."

పెట్టేశారు.

మార్చి 25

మెయిలు. కమిటీకి మొదటి టేబులే వెళ్తుంది. నివేదిక మీద నా పేరు తీసేశారు. 28న నేను రానక్కర్లేదు. కాంట్రాక్టు "పరిశీలనలో ఉంది".

నాకేం కోపం లేదు.

నాకు చాలా కోపంగా ఉంది.

మార్చి 26

ఒక ఆలోచన వచ్చింది. కొంటెదే, కానీ డెఫినిషన్ లోపలే ఉంది. వాళ్ళకి కావలసింది "అడిగారా" అన్నదానికి అవును. అయితే అడగాలి. 28న కమిటీ ముందుకే వెళ్ళి అందరూ నోరు తెరిచి పని అడిగితే, ప్రశ్న 7కి జవాబు మారిపోతుంది. అదే ప్రశ్న, అదే గడి, జనార్దన్‌గారి టేబులే.

పరుగున కిందకి దిగి ప్లాంటు సంగతి, నా కాంట్రాక్టు సంగతి, ఈ ఆలోచన అన్నీ చెప్పాను. వీరాయమ్మగారు చేట పక్కన పెట్టి విన్నారు.

"పిలవని పేరంటానికా అండి?"

మేం వెళ్ళం అన్నారు. మేస్త్రీ పేర్లు కొట్టేస్తాడన్నారు. అందరం ఒక్కసారే అడిగితే ఎంతమందిని కొడతాడు అన్నాను. మీరు చెప్పడానికేం, రేపు హైదరాబాదు వెళ్ళిపోతారు అన్నారు. అప్పుడు గొంతు లేపాను. కుక్కిన పేనుల్లా పడి ఉండండి, బస్సుల్లో వాళ్ళెవరో వచ్చి మీ పీటల మీద కూర్చుంటే అప్పుడు కూడా క్యారేజీ కట్టుకుని చూడండి అన్నాను. పెద్దావిడని ఆ మాటలనడం తప్పు. అనేశాను.

ఆవిడ నెమ్మదిగా అడిగారు.

"మిమ్మల్ని పిలిచేరా అండి, ఆ మీటింగుకి?"

"లేదు."

"మీ ఉద్యోగం ఉందో లేదో కబురొచ్చిందా అండి?"

"రాలేదు."

"మరి మీరెవరినన్నా అడిగేరా?"

మేడ మెట్లు ఎక్కి వచ్చేశాను. ఫోను ఎప్పుడూ నిండా చార్జింగుతో పెట్టుకుంటాను, మెయిలు రోజుకి ఇరవైసార్లు తీస్తాను, చెల్లెలు చెప్పిన ఒక్కచోటా అప్లై చేయలేదు. నా ఫారం ఎవరైనా నింపితే ప్రశ్న 7 దగ్గర ఏ గడిలో టిక్కు పెడతారో నాకు బాగా తెలుసు. ఆవిడది అరుగు, నాది మేడ. అంతే తేడా.

మార్చి 27

వీరాయమ్మగారు నాతో మాట్లాడలేదు. సాయంత్రం నూకరాజు వచ్చి వీధిలో నిలబడి, అమలాపురం ఎవరెళ్తారో చూస్తానని అందరికీ వినపడేలా చెప్పి వెళ్ళాడు. నేను అన్న మాట అప్పుడే ఊరంతా పాకింది.

ఎవరూ రారు. నేనొక్కదాన్నే వెళ్తాను. పిలవకపోయినా.

మార్చి 28

జరిగింది వరసగా రాస్తాను.

తెల్లారి కిందకి దిగితే అరుగు మీద వీరాయమ్మగారు లేరు. తలుపు వేసి ఉంది. నా మొహం చూడ్డం ఇష్టం లేదేమో అనుకున్నాను. బస్సు ఎక్కాను, ఒళ్ళో నూట నలభై ఫారాలు. ముమ్మిడివరం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ, లోపల ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను.

అమలాపురంలో ఆ హాలు గేటు ముందు ఆటోలు బారుగా ఆగి ఉన్నాయి. దిగుతున్నారు. తెల్ల టోపీలు పెట్టుకుని, చేతుల్లో క్యారేజీలతో. అందరికంటే ముందు వీరాయమ్మగారు. అందరం ఒక్కసారే అడిగితే ఎంతమందిని కొడతాడని నా మాటే పట్టుకుని రాత్రి ఇల్లిల్లూ తిరిగారట. నన్ను చూసి, కోపం ఇంకా తగ్గలేదన్నట్టు మొహం పెట్టి, లోపలికి దారెటండి అన్నారు. లెక్కపెట్టాను, అలవాటు కదా. సరిగ్గా నూట పదహారు. పిలవని పేరంటానికి నూట పదహారు చదివించినట్టయింది.

లోపల జనార్దన్‌గారు తెర మీద టేబులు చూపిస్తున్నారు. 131 అనే అంకె ఎర్ర రంగులో. వీళ్ళు పని కోరుకోవడం లేదు అన్న మాట దగ్గర తలుపు తెరుచుకుంది. గుమ్మం నిండిపోయింది. కమిటీ పెద్దగా కూర్చున్న ఆఫీసరుగారు కళ్ళజోడు తీసి, ఎవరమ్మా మీరు, ఎవరు పిలిచారు అన్నారు.

వీరాయమ్మగారు ఒకడుగు ముందుకి వేశారు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"ఎవరూ పిలవలేదండి. పని అడగడానికొచ్చేం."

ఆ మాట ఆవిడ నోట్లోంచి ఎంత కష్టంగా వచ్చిందో ఆ హాలులో నాకొక్కదానికే తెలుసు. ఆఫీసరుగారు వెనక ఉన్నవాళ్ళని కూడా అడిగారు, మీ అందరికీ పని కావాలా అని. గుమ్మంలోంచి, వరండాలోంచి, మెట్ల మీద నుంచి ఒకటే మాట వచ్చింది.

"ఆయ్."

నేను ఫారాలు బల్ల మీద పెట్టి ప్రశ్న 7 పైకి చదివాను. గత నాలుగు వారాల్లో పని కోసం ఎవరినైనా అడిగారా? ఇవాళ 28, ఇప్పుడు పదకొండున్నర, మీ అందరి ఎదుటా అడిగారు, రాసుకోండి అన్నాను. జనార్దన్‌గారు లేచి, సర్వే 11తోనే ముగిసిందని, ఈవిడకి దీనితో సంబంధం లేదని అన్నారు. ఆఫీసరుగారు తెరవైపు చూశారు, గుమ్మంవైపు చూశారు.

"మీ ప్రశ్నే కదండీ అది?"

జనార్దన్‌గారు మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. నేను రాసిన ప్రశ్న అది. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి పనికొచ్చింది.

గెలిచామని రాయను. నిర్ణయం వాయిదా వేశారు, అంతే. కానీ ఒక గుమాస్తాని వరండాలో కూర్చోబెట్టి నూట పదహారు పేర్లూ రాయించారు. మేస్త్రీ పుస్తకంలో కాక ఇంకో కాగితం మీద వాళ్ళ పేర్లు ఉండటం ఇదే మొదలు. పేర్లు రాస్తున్నంతసేపూ వాళ్ళు మెట్ల మీద కూర్చుని క్యారేజీలు విప్పి తిన్నారు. ఆరు నెలల తర్వాత ఆ అన్నం ఇంటి బయట తినడం. నాకూ పెట్టారు.

మార్చి 29

నూకరాజు నలభై మూడు పేర్లు కొట్టేశాడట. వీరాయమ్మగారిది మొదట. చెప్పుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. వెళ్ళకుండా ఉండాల్సిందా అని అడిగితే, కళ్ళు తుడుచుకుని, "నేనలా అన్నానా అండి" అని కసురుకున్నారు.

మార్చి 31

కబురు రాలేదు.

సాయంత్రం ఒక ఖాళీ ఫారం తీసి నా పేరు రాశాను. సత్యదుర్గ, ముప్పై ఎనిమిది. ప్రశ్న 7 దాకా వచ్చి ఆగిపోయాను. టిక్కు పెట్టలేదు.

ఏప్రిల్ 1

అయిదింటికే మెలకువ వచ్చింది. కిందకి దిగితే అరుగు ఖాళీగా ఉంది. పక్కింటామె చెప్పింది, వీరాయమ్మగారు, శ్రీవాణి, ఇంకా పది పదిహేను మంది చీకటితోనే లేచి షెడ్లన్నీ తిరిగి అడగడానికి వెళ్ళారట.

అరుగు మీద ఒక క్యారేజీ ఉంది. నాదేనట. కట్టి పెట్టి, దుర్గగారికి ఇవ్వమని చెప్పి వెళ్ళారట. మూత తీసి చూశాను. వేడిగా ఉంది.

ఆరుంపావుకి అమలాపురం బస్సు. అక్కడ రెండు కాలేజీలున్నాయి, రెండింట్లోనూ ఎకనామిక్స్ ఉంది. నన్నెవరూ పిలవలేదు. అడగడానికి వెళ్తున్నాను.